కోత ఎంత అని అడిగే ముందు

అధ్యక్షులకు, పెన్షనర్ల సంఘం పెద్దలకు నమస్కారం. భోజనాల ముందు ఇరవై నిమిషాలిచ్చారు, శాలువా మాటలు వదిలేస్తాను.

బ్యానర్ మీద ‘కోత లేని మెడ ఆపరేషన్’ అని వేయించారు. కోత ఉంటుందండీ! సుమారు రెండు సెంటీమీటర్లు. మెడ వెనక గాటు పెట్టి, కండరాన్ని ఎముక నుంచి ఒలవకుండా, పోగుల మధ్యలోంచి సన్నటి గొట్టం దించుతాం. మైక్రోస్కోపులో చూస్తూ, నరం బయటికొచ్చే సందులో ఎముకను కాస్త చెక్కి దానికి చోటిస్తాం. ఎముక చెక్కే పద్ధతి 1940లలోనే ఉంది. గొట్టాలు 1990లలో నడుముకి వచ్చి, ఆ తర్వాత మెడకెక్కాయి. ప్లేట్లు, స్క్రూలు ఉండవు కాబట్టి మెడ మామూలుగానే తిరుగుతుంది.

అయితే మెడ నుంచి చేతిలోకి లాగుతోందని వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఇదీ అక్కర్లేదు. మందులు, ఫిజియోథెరపీతో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది.

ఒక టైలర్ సంగతి చెప్పాలి. సూదిలో దారం ఎక్కడం లేదంటే ఇంట్లోవాళ్లు కళ్లద్దాలు మార్పించారు. కాజాలు వంకరపోతే వయసన్నారు. మెడ పట్టేసిందని ఆయన సెలూన్‌కెళ్లి విరిపించుకునేవాడు. నడక తూలడం మొదలయ్యాక నా దగ్గరికొచ్చాడు. వస్తూనే, “చిన్న కోతే కదా సార్?” అన్నాడు. ఆయనకి నలుగుతున్నది చేతిలోకి వెళ్లే పక్క నరం కాదు, వెన్నుపాము. డిస్కులు ముందు వైపు నుంచి నొక్కుతున్నాయి. వెనక నుంచి గొట్టం దించి ఏం లాభం? గొంతు పక్క నుంచి వెళ్లి, డిస్కులు తీసి, ప్లేటు వేయాల్సి వచ్చింది. నడక కుదుటపడింది. కాజాలు మాత్రం ఇప్పుడు వాళ్లావిడే కుడుతోంది.

సెలూన్ అంటే గుర్తొచ్చింది. మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాల్లో రెండు, మెడ ఎముకల రంధ్రాల్లోంచే పోతాయి. ఆ విరుపుకి నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చినవాళ్లున్నారు. అరుదే, ఒప్పుకుంటాను. కానీ టిప్పు ఇచ్చి మరీ తెచ్చుకోవాలా?

వెనక వరసలో మెడ తిప్పుతున్న మాస్టారూ, మీకే చెబుతున్నా! గుండీ పెట్టుకోవడం కష్టమైనా, నడక తూలినా, చేతిలో పట్టు తగ్గుతున్నా, మూత్రం ఆపుకోలేకపోయినా వారాల తరబడి చూడకండి, వెంటనే డాక్టర్ దగ్గరికెళ్లండి. కోత ఎంతో తర్వాత అడుగుదురు గాని, ముందు నలుగుతున్నది పక్క నరమా, వెన్నుపామా అని అడగండి.

ఇక ప్రశ్నలు. ఎమ్మారై ఫిల్ములు మాత్రం ఇక్కడ తీయకండి బాబూ, ఈ ట్యూబ్‌లైట్ వెలుగులో నాకేమీ కనపడవు.