మొక్క ఎక్కడ బతకాలో బూజు చెబితే

అందరికీ నమస్కారం.

ఒక మొక్క ఫలానా చోట ఎందుకు పెరుగుతుంది, పక్క చోట ఎందుకు పెరగదు అని అడిగితే వాన, ఎండ, మట్టి అంటాం. అది నిజమే, కాకపోతే ఆ లెక్కలో మొక్క ఒంటరిది. అసలు మొక్క ఎప్పుడూ ఒంటరిది కాదు. ఆకుల్లో, కాండాల్లో, వేర్లలో జబ్బేమీ చేయకుండా కాపురముండే శిలీంధ్రాలు, అంటే బూజు జాతి జీవులు, ఉన్నాయి. వాటిని ఎండోఫైట్లు అంటారు. పైకి చిన్న మచ్చ కూడా కనిపించదు. కొన్ని గడ్డి జాతుల్లోనైతే చూడటం తేలికే. ఆకు మొదట్లో కాండాన్ని చుట్టుకున్న తొడుగు లోపలి పొరను సన్నగా ఒలిచి, అనిలిన్ బ్లూ రంగు పట్టించి, మైక్రోస్కోప్ కింద పెట్టండి. పొడవాటి కణాల మధ్య సందుల్లో, ఏ కణంలోకీ చొరబడకుండా, మెలికలు తిరుగుతూ పోయే నీలి పోగులు కనిపిస్తాయి. అవే ఆ శిలీంధ్రాలు.

ఈ పోగులు ఏం చేయగలవో తెలియాలంటే అమెరికాలోని యెల్లోస్టోన్‌కు వెళ్లాలి. వేడినీటి బుగ్గల చుట్టూ నేల కాలిపోతూ ఉంటుంది. అక్కడ డైకాంథీలియం అనే గడ్డి పచ్చగా పెరుగుతుంది. దాని లోపల ఉండేది కర్వులేరియా అనే శిలీంధ్రం. రెజీనా రెడ్‌మన్, రస్టీ రోడ్రిగ్జ్ బృందం 2002లో చూపించిందేమిటంటే, శిలీంధ్రం ఉన్న గడ్డి రోజూ కొన్ని గంటలపాటు 65 డిగ్రీల మట్టివేడిని తట్టుకుంది, లేనిది చచ్చిపోయింది. విడివిడిగా పెంచితే 40 డిగ్రీలు కూడా దాటకముందే గడ్డీ ఆగిపోతుంది, శిలీంధ్రమూ ఆగిపోతుంది. కథ అక్కడితో అయిపోయిందనుకున్నారు. 2007లో మార్క్వెజ్, రూసింక్ బృందం ఆ శిలీంధ్రంలో ఒక వైరస్‌ను పట్టుకుంది. వైరస్‌ను తీసేస్తే శిలీంధ్రం ఉన్నా గడ్డి వేడికి వాడిపోయింది. తిరిగి పెడితే ఓర్పు తిరిగొచ్చింది. ఆ శిలీంధ్రాన్ని టమాటా మొక్కలోకి ఎక్కిస్తే దానికీ ఆ ఓర్పు కొంత అబ్బింది. మొక్క, బూజు, వైరస్: ముగ్గురూ కలిస్తేనే ఆ నేల మీద ఒక గడ్డిపోచ. నాకైతే జీవశాస్త్రంలో ఇంత తమాషా లెక్క ఇంకోటి కనబడలేదు.

సముద్రతీరపు ఇసుక దిబ్బల గడ్డిలో ఉండే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం దానికి ఉప్పును తట్టుకునే శక్తినిస్తుంది. అదే జాతి శిలీంధ్రాన్ని ఉప్పులేని చోటు నుంచి తెచ్చి ఎక్కిస్తే ఇవ్వదు. జాతి పేరు ఒకటే అయినంత మాత్రాన సరిపోదు, ఏ నేలలో ఆరితేరిందన్నది ముఖ్యం.

ఇవన్నీ విపరీతమైన చోట్లు కదా అంటారేమో. సరే, కాలిఫోర్నియాలో బ్రోమస్ లేవిపెస్ అనే మామూలు గడ్డిని చూద్దాం. అఫ్కామి, మెకింటైర్, స్ట్రాస్ 2014లో తేల్చినదాని ప్రకారం, ఎండోఫైట్ ఉన్నందువల్లే ఆ గడ్డి పొడి ప్రాంతాల్లోకి విస్తరించగలిగింది. విస్తీర్ణం పెరిగింది సుమారు 20 శాతం, అంటే వేల చదరపు కిలోమీటర్లు. కరువు దెబ్బను బూజు కాచుకుంటోంది. వాతావరణం మారితే ఏ జాతి ఎటు జరుగుతుందో ఉష్ణోగ్రత, వర్షపాతం మాత్రమే చూసి గీసే పటాల మీద నాకు అనుమానం మొదలైంది ఇక్కడే.

ఈ మేలు ఊరికే రాదు. 1931లో అమెరికాలోని కెంటకీలో ఒక కొండవాలు పొలంలో కనబడిన టాల్ ఫెస్క్యూ గడ్డిని 1943లో 'కెంటకీ 31' పేరుతో విడుదల చేశారు. కరువుకూ పురుగుకూ లొంగక లక్షల ఎకరాలకు పాకింది. దాన్ని మేసిన పశువులు మాత్రం జబ్బుపడ్డాయి. చలికాలంలో కొన్నింటికి గిట్టలూ తోకలూ కుళ్లిపోయాయి. కారణం లోపలి శిలీంధ్రం తయారుచేసే విషమని 1970ల చివర్లో బయటపడింది. బూజులేని విత్తనం చల్లితే పశువులు బాగున్నాయి, గడ్డి పలచబడిపోయింది. చివరికి పశువులకు హాని చేసే విషాలు తయారుచేయని ఎండోఫైట్ రకాలను వెతికి ఎక్కించారు.

ఫెస్క్యూలోని ఈ శిలీంధ్రం తల్లిమొక్క నుంచి పిల్లకు విత్తనంలోనే వెళ్తుంది. వేడి, తేమ ఉన్న గోదాములో విత్తనం కంటే ముందే అది చచ్చిపోతుంది. అలాంటి విత్తనం మామూలుగానే మొలకెత్తుతుంది కాబట్టి మొలక శాతం పరీక్షలో ఈ నష్టం కనబడదు. పాడైన భూముల్లో గడ్డి మళ్లీ పెంచాలనుకునేవాళ్లు విత్తనం చల్లేముందు కొన్ని మొలకలను తీసి, ఇందాక చెప్పిన నీలిరంగు పరీక్ష చేసుకోవడం మంచిది.