విరిగిందా, పగిలిందా, తెగిందా?

శ్రోతలకు నమస్కారం.

కోవూరు దగ్గర ఒక పల్లెలో నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పే రోజుల్లో, తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక కాలికి చెప్పుంది, రెండో చెప్పు చేతిలో ఉంది. "సార్, మై చెప్పల్ ఈజ్ కట్" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. చెప్పు తెగింది, తెగడమంటే కట్ అని ఎక్కడో విన్నాడు, రెండూ కలిపి చెప్పాడు. ఇంగ్లీషులో కట్ అంటే కత్తో బ్లేడో తగలాలి. దానంతట అది తెగిన చెప్పుకు వాళ్ళు వాడేది బ్రేక్. బద్దె తెగితే, ద స్ట్రాప్ బ్రోక్.

ఆ పూట పాఠం పక్కనపెట్టి పిల్లల్ని అడిగాను, బ్రేక్ అనే మాటకు తెలుగులో ఎన్ని మాటలున్నాయో చెప్పమని. కుండ పగులుతుంది. కొమ్మ విరుగుతుంది. తాడు తెగుతుంది. లాంతరు గ్లాసు చిట్లుతుంది. బోర్డు నిండిపోయింది. కుండ విరిగిందని గానీ, తాడు పగిలిందని గానీ మనలో చిన్నపిల్లలు కూడా అనరు. ఎందుకనరు? మనం ముందు వస్తువును చూస్తాం. గట్టిగా, గుల్లగా ఉంటే పగలడం. పొడుగ్గా, బిరుసుగా ఉంటే విరగడం. వంగే గుణముండి సాగదీస్తే పోయేదైతే తెగడం. ఈ లెక్క మనకెవరూ నేర్పలేదు. అమ్మ ఒళ్ళోనే వచ్చేసింది.

ఇంగ్లీషుది వేరే చూపు. కుండకైనా కొమ్మకైనా తాడుకైనా బ్రేక్ సరిపోతుంది. ఇంకా వివరంగా చెప్పాలంటే వాళ్ళు వస్తువును కాక, అది ఎలా పోయిందో చూస్తారు. పుల్లగానీ తాడుగానీ టప్పున పోతే స్నాప్. బీట పడి ఇంకా విడిపోకుండా ఉంటే క్రాక్. అద్దం వెయ్యి ముక్కలైతే షాటర్. లోపలి ఒత్తిడికి పైపు పగిలితే బర్స్ట్. కోపంతో విసిరికొట్టి పగలగొడితే స్మాష్. అందుకే బ్రేక్‌కు పర్యాయపదాలని ఈ మాటల్ని వరసగా బట్టీ పెట్టిస్తే పిల్లలకు ఏమీ అందదు. ఒక్కో మాటకూ ఒక్కో చప్పుడూ ఒక్కో తీరూ ఉన్నాయి. అవి చూపించి చెప్పాలి. నేను సుద్దముక్కను వాళ్ళ ముందే విరిచి స్నాప్ అనేవాణ్ణి.

మన నెల్లూరు జిల్లాలో చెరువులు ఎక్కువ కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. వానలకు చెరువు తెగిందంటాం, కట్టకు గండి పడిందంటాం. దీన్ని కూడా మా పిల్లలు ట్యాంక్ కట్ అనే రాసేవారు. ఇంగ్లీషులో దానికి బ్రీచ్ అనే మాట ఉంది. అదీ బ్రేక్ కుటుంబంలోదే. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, పట్టాలు గాలిలో వేలాడాయి. కోసుకుపోయిందన్నాం కదా అని అక్కడ కూడా కట్ పెట్టకూడదు. వాష్డ్ అవే అనాలి. మనకు నీరు కోస్తుంది. వాళ్ళకు నీరు కడుక్కుపోతుంది.

పాలు విరిగాయి అన్నచోట బ్రేక్ అసలు పనికిరాదు, కర్డిల్ అనాలి. నోటు బ్రేక్ చేయడమంటే చింపడమని భయపడకండి, చిల్లర మార్చుకోవడం. మాట బ్రేక్ చేయడం మాట తప్పడం. పొద్దున తినే బ్రేక్‌ఫాస్ట్‌లో ఉన్నది కూడా ఈ బ్రేకే. ఫాస్ట్ అంటే ఉపవాసం. రాత్రంతా ఉన్న ఉపవాసాన్ని పొద్దున్నే వదిలేస్తారన్నమాట. మనం ఒక్కపొద్దు విడుస్తాం, వాళ్ళు బ్రేక్ చేస్తారు. కలిసి తినడాన్ని బ్రేక్ బ్రెడ్ అని కూడా అంటారు. చర్చికి వెళ్ళేవాళ్ళకు రొట్టె విరవడం తెలిసిన మాటే. ఇంట్లో మెత్తటి రొట్టెనైతే తుంచుతాం. మొహర్రం నెలలో రొట్టెల పండుగకు నెల్లూరు చెరువులో దిగి, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో రొట్టెలు మార్చుకుని, అక్కడే తుంచుకుని తినేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఆ ఇంగ్లీషు మాటే గుర్తొస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాటు జరిగేది మనసు దగ్గర. ఉద్యోగం మానేసిన పాత విద్యార్థి ఒకడు నాకు ఇంగ్లీషులో ఉత్తరం రాస్తూ, ఆ కొలువుతో తన హార్ట్ బ్రోక్ అన్నాడు. ఏదో ఘోరం జరిగిందనుకుని టెన్షన్ పడి వెంటనే ఫోన్ చేశాను. "అదేం లేదు సార్, మనసు విరిగిపోయింది, అంతే" అన్నాడు. మనసు విరగడమంటే మనకు రోత పుట్టడం, దాని మీద ఆశ పోవడం. హార్ట్ బ్రేక్ అంటే గుండె పగిలే దుఃఖం. వాడు ఐ లాస్ట్ ఆల్ ఇంట్రెస్ట్ అని రాస్తే నాకు ఆ కంగారు తప్పేది.

ఇంకొకటుంది. బ్రేక్‌లో పగలడం, పగలగొట్టడం రెండూ ఉన్నాయి. మన ఇళ్ళలో అలా కుదరదు. వంటింట్లో చప్పుడైతే అమ్మ, "ఏందిరా అది?" అని కేకేస్తుంది. "గ్లాసు పగిలిందిమా" అంటాడు కొడుకు. "పగిలిందా, పగలగొట్టావా?" ఆ ఒక్క ప్రశ్నతో దొంగ దొరికిపోతాడు. అదే ఇంగ్లీషైతే ద గ్లాస్ బ్రోక్ అని ఒకడు, ఐ బ్రోక్ ద గ్లాస్ అని ఇంకొకడు అదే మాటతో చెప్పొచ్చు.

మా అమ్మమ్మ మెళ్ళో తాడు ఒకసారి నీళ్ళు తోడుతుంటే తెగింది. తెగిందని ఆమె నోట రాలేదు. "పెరిగింది" అంది. గబగబా పసుపు కొమ్ము కట్టిన తాడు మెళ్ళో వేసుకుని, ఆ తర్వాతే బావి దగ్గర పుస్తెలు వెతుక్కుంది. ఏళ్ళ తర్వాత క్లాసులో ఒక అమ్మాయి లేచి, "సార్, తాడు పెరిగింది అంటే ఇంగ్లీషులో ఏమంటారు?" అని అడిగింది. బోర్డు మీద స్నాప్ అని రాశాను. ఆ అమ్మాయి నోట్సులో రాసుకోకుండా నా వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ మాట తుడిచేసి, అమ్మమ్మ కథ చెప్పాను.

నమస్కారం.