ఆరో వారం దాటాలంటే

నమస్కారం అండీ.

వారానికో వ్యాసం నెట్‌లో పెడదామని మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది ఐదారు వారాలకే చల్లబడతారు. బద్ధకమని తమను తామే తిట్టుకుంటారు. మొదటి ఐదారు వ్యాసాలూ ఏళ్ళ తరబడి మనసులో నానినవి కాబట్టి కూర్చోగానే వచ్చేస్తాయి. ఆ సరుకు అయిపోయాక విషయం వెతకడం, చదవడం, రాయడం, దిద్దడం అన్నీ శనివారం రాత్రి ఒక్క కూర్చోటులోనే జరగాలి. జరగవు. ఎకరం వరి నాటేవాళ్ళు ముందుగా ఐదు సెంట్లలో నారు పోసుకుంటారు కదా, మనం ఆ పని ఎగ్గొట్టి నేరుగా కోతకు దిగుతున్నాం.

అందుకని కంప్యూటర్లో నాలుగు ఫోల్డర్లు పెట్టుకోండి: నారు, నాటు, కలుపు, గాదె. ఆలోచనలు నారులో, చిత్తుప్రతులు నాటులో, దిద్దాల్సినవి కలుపులో, పోస్టు చేయడమే మిగిలినవి గాదెలో. పేర్ల ముందు 1, 2, 3, 4 అంకెలు తప్పనిసరి. లేకపోతే కంప్యూటరు అక్షరక్రమంలో కలుపును తెచ్చి అన్నిటికన్నా పైన కూర్చోబెడుతుంది.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది నారు మీద. "ఇరానీ హోటళ్ళు" అని రెండు మాటలు రాసుకుంటే పది రోజుల తర్వాత అది దేనికి రాసుకున్నామో మనకే అంతుపట్టదు. ఆలోచనను ప్రశ్నగా రాయాలి: "ఇరానీ చాయ్‌కి డికాక్షన్, పాలు విడివిడిగా ఎందుకు కాస్తారు?" దాని కింద రెండే వాక్యాలు. ఇది ఎవరికి పనికొస్తుంది, ముందు ఎవరిని అడగాలి లేదా ఏం చదవాలి. మూడు వరుసలూ నిండని ఆలోచన ఇంకా మొలకెత్తలేదన్నమాట. బస్సులో తోచినవాటిని మీకు మీరే వాట్సాప్‌లో పంపుకోండి, తప్పులేదు. కానీ ఆదివారం పొద్దున్నే అక్కడి నుంచి తీసి నారులో వేసేయాలి. వాట్సాప్‌లోనే ఉంచితే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడి ఊపిరాడక చస్తాయి.

వారానికి నాలుగు కూర్చోట్లు చాలు. ఏడు వందల మాటల వ్యాసానికి చిత్తుప్రతి గంట, దిద్దుబాటు ముప్పావుగంట, నారు చూసుకోవడానికి ఇరవై నిమిషాలు, పోస్టు చేయడానికి మరో ఇరవై. చిత్తుకీ దిద్దుబాటుకీ మధ్య కనీసం రెండు రాత్రులు గడవాలి. అదే రోజు దిద్దితే కన్ను తెర మీదున్నది చదవదు, మనసులో ఉన్నది చదువుతుంది. లేచేముందు తర్వాతి వాక్యం సగం రాసి వదిలేయండి. మళ్ళీ కూర్చున్నప్పుడు ఆ సగమే చేయి పట్టుకుని లాగుతుంది.

ఇప్పుడు తెలుగులో రాసేవాళ్ళకే ప్రత్యేకంగా ఎదురయ్యే తలనొప్పులు. ఫైలు పేరు 2026-03-05 అన్న పద్ధతిలో, సంవత్సరంతో మొదలవ్వాలి. తేదీ ముందు రాస్తే మార్చి 5, ఏప్రిల్ 5 పక్కపక్కన చేరతాయి. తేదీ తర్వాత పేరు తెలుగులోనే పెట్టవచ్చు గానీ పొట్టిగా ఉండాలి. లినక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగులో ఒక్కో కోడుకు, అంటే కంప్యూటరు విడిగా దాచుకునే ఒక్కో గుర్తుకు, మూడు బైట్లు; గుణింతం గుర్తు, పొల్లు కూడా విడి కోడులే. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం ఆరు కోడులు, అంటే 18 బైట్లు. విండోస్‌లో బాగానే ఉన్న పొడుగు పేరు ఫోన్లోకి కాపీ చేయబోతే మొరాయించేది ఇందుకే.

వెతుకులాటలోనూ చిక్కుంది. "ఫేస్‌బుక్" అన్న మాటలో స్, బు విడిగా కనబడాలంటే వాటి మధ్య కంటికి కనిపించని ఒక కోడు ఉండాలి. ఒక ఫైల్లో అది ఉండి, మరో దానిలో లేకపోతే టైపు చేసుకునే చాలా ఎడిటర్ ప్రోగ్రాములకు అవి రెండు వేర్వేరు మాటలు. అలాంటప్పుడు "బుక్" అని ముక్క వేసి వెతకండి. పెళ్ళి, పెళ్లి, చేయి, చెయ్యి లాంటివాటిలో ఏది వాడతారో ఒక పేజీలో రాసిపెట్టుకుని దాన్నే పాటించండి. ఏది ఒప్పన్న వాదనకు దిగితే మాత్రం ఆ వారం వ్యాసం గోవిందా! యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసిన రాతలుంటే, ఇప్పుడు నెట్‌లో వాడే యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో వరుసవరుసా చూడాలి. మార్చిన చోట వాటినే ముందు అనుమానించండి.

పండగ వ్యాసాలకు కేలండరు వేరు. సంక్రాంతి జనవరి 14, 15ల దగ్గరే ఉంటుంది. మిగతావి కదులుతాయి. ఉగాది 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. వినాయక చవితి 2025లో ఆగస్టు 27. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో సెప్టెంబరు 14కు జరిగింది. నిరుటి కేలండరు కాపీ కొట్టినవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. పంచాంగం చూసి, పండగకు మూడు వారాల ముందు తేదీ మీద గుర్తు పెట్టుకోండి. చిత్తుప్రతి ఆ రోజు మొదలవ్వాలి.

గాదెలో ఎప్పుడూ మూడు వ్యాసాలుండాలి, పండగలతో, వార్తలతో పని లేనివి. పిల్లల పరీక్షలు, చుట్టాల పెళ్ళిళ్ళు, జ్వరాలు వచ్చినప్పుడు వాటిలోంచి ఒకటి తీసి పెట్టేస్తారు. పదికి పెంచాలని చూడకండి, పాతబడ్డ వ్యాసం పెట్టడానికి మనసొప్పదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి తరిగిన నిల్వ నింపుకోవడానికి అదే అదను.

గాదె ఖాళీ అయి ఒక వారం తప్పిపోయిందనుకోండి, మరుసటి వారం రెండు పెడతామని మాత్రం ప్రకటించకండి. ఆ రెండో వ్యాసం అప్పులా నెత్తిన కూర్చుని మొదటిదాన్నీ రాయనివ్వదు. నారు ఫోల్డరు తెరిచి, అన్నిటికన్నా చిన్న ప్రశ్న ఏదో చూసి, మూడు వందల మాటల్లో జవాబు రాసి మామూలు రోజునే పెట్టేయండి.