సర్వర్ స్క్రిప్టుల్లో రిక్వెస్ట్ హెల్పర్లు: ఏమి దాచాలి, ఏమి దాచకూడదు

(శ్రీకాకుళంలో కంప్యూటర్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అటువంటి తుఫాను తర్వాత రైతులు తమ నష్టాన్ని ఫోనులోనే నమోదు చేసుకోవడానికి మనం ఒక వెబ్ ఫారం తయారు చేస్తున్నామనుకుందాం. రైతు పేరు, గ్రామం, పడిపోయిన కొబ్బరి చెట్లు, జీడి చెట్లు, పాసు పుస్తకం ఫోటో: ఇంతే ఫారం. ఈ ఐదు గడులు సర్వర్‌కు చేరిన తర్వాత, మన స్క్రిప్టులో అసలు పని మొదలయ్యే లోపల జరిగే వ్యవహారం గురించే నేను మాట్లాడబోతున్నాను. ఫోను పంపిన ఆ రిక్వెస్ట్‌ను విప్పి, అందులోని విలువలను స్క్రిప్టుకు అందించే చిన్న సహాయక ఫంక్షన్లనే ఇక్కడ హెల్పర్లు అంటున్నాను.

వెబ్ సర్వర్ మన స్క్రిప్టును నడిపించడానికి 1993లో వచ్చిన సీజీఐ పద్ధతిలో స్క్రిప్టుకు అందేది అచ్చంగా ముడిసరుకే. గెట్ రిక్వెస్ట్ (విలువలు యూఆర్‌ఎల్‌లోనే వచ్చేది) అయితే క్వెరీ స్ట్రింగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఒక పొడవాటి అక్షరాల వరుస ఉంటుంది. పోస్ట్ (విలువలు రిక్వెస్ట్ లోపలి భాగంలో వచ్చేది) అయితే కంటెంట్ లెంగ్త్ చెప్పినన్ని బైట్లను స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి మనమే చదువుకోవాలి. ఆ వరుసను ఆంపర్‌శాండ్ దగ్గర విడగొట్టి, సమానం గుర్తు దగ్గర మళ్లీ విడగొట్టి, ప్లస్‌ను ఖాళీగానూ శాతం గుర్తు వెంట వచ్చే రెండు హెక్సా అంకెలను ఒక బైటుగానూ మార్చుకోవాలి. (లింకులో ఎన్‌కోడ్ చేయకుండా పెట్టిన ‘ఓ+’ రక్తపు గ్రూపు సర్వర్‌కు చేరేసరికి ‘ఓ’, పక్కన ఒక ఖాళీ మాత్రమే మిగలడానికి కారణం ఇదే.) ఈ చాకిరీ తప్పించినందుకే పెర్ల్ భాషలో లింకన్ స్టైన్ రాసిన సీజీఐ.పీఎం అనే మాడ్యూల్ అంతగా వ్యాపించింది. సర్వర్ స్క్రిప్టులు రాసే మరో భాష పీహెచ్‌పీ ఆ పనిని తనలోనే కలిపేసింది.

చాకిరీని దాచడం హెల్పర్ ధర్మమే. నా అభ్యంతరమల్లా, చాకిరీతో పాటు వచ్చిన సమాచారంలోని తేడాలను కూడా దాచేసే హెల్పర్ల మీద. పీహెచ్‌పీలో రిజిస్టర్ గ్లోబల్స్ అనే సదుపాయం ఫారంలోని ప్రతి గడినీ నేరుగా గ్లోబల్ వేరియబుల్‌గా మార్చి పెట్టేది. ఒక విలువ మన ప్రోగ్రామ్ పెట్టిందా, బయటి మనిషి యూఆర్‌ఎల్‌లో రాసి పంపాడా అన్న తేడా దానితో చెరిగిపోయింది. 2002లో 4.2 వెర్షన్ నుంచి దాన్ని మామూలుగా ఆపి ఉంచారు, 2012లో 5.4 వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు.

ఇప్పుడు చెట్ల సంఖ్య గడి దగ్గరికి వద్దాం. ఒక రైతుకు జీడి తోట మాత్రమే ఉంది కాబట్టి కొబ్బరి గడిలో 0 అని నింపాడు. మన హెల్పర్ ఆ గడిని ఎంప్టీ అనే ఫంక్షన్‌తో పరీక్షిస్తోంది. పీహెచ్‌పీ దృష్టిలో ‘0’ అనే స్ట్రింగ్ కూడా ఎంప్టీయే! ‘కొబ్బరి చెట్ల సంఖ్య నింపండి’ అంటూ ఫారం తిరిగి వస్తుంది. రైతు మళ్లీ 0 వేస్తాడు. అది మళ్లీ తిరిగి వస్తుంది. చివరికి విసిగి 1 వేస్తాడు. అసలు లేని కొబ్బరి చెట్టు ఒకటి ప్రభుత్వ లెక్కలో కూలిపోతుంది.

ఆ గడి విషయంలో నిజానికి నాలుగు స్థితులు ఉన్నాయి. గడి అసలు రాలేదు. వచ్చింది గాని ఖాళీగా ఉంది. ఏదో ఉంది గాని సంఖ్య కాదు. సరైన సంఖ్యే ఉంది. గడి రాలేదంటే ఫోనులో పాత పేజీ తెరిచి ఉండవచ్చు, లేదా ఎవరో ఫారంతో పని లేకుండా రిక్వెస్ట్‌ను తామే తయారు చేసి పంపి ఉండవచ్చు. ఖాళీ అంటే రైతు మరిచిపోయాడు. ఈ రెంటికీ ఒకే జవాబు చెప్పడం కుదరదు. పీహెచ్‌పీలోని ఫిల్టర్ ఇన్‌పుట్ అనే ఫంక్షన్‌ను పూర్ణసంఖ్య పరీక్షతో వాడితే ఇక్కడ కొంత మేలు: గడి రాకపోతే నల్ (విలువే లేదు), పూర్ణసంఖ్య కాకపోతే ఫాల్స్ ఇస్తుంది. అయితే ఖాళీ గడికీ, ‘పది’ అని అక్షరాల్లో రాసిన గడికీ అదే ఫాల్స్. పైగా జవాబును మూడు సమానం గుర్తులతో (విలువతో పాటు దాని రకాన్నీ చూసే పోలికతో) పోల్చకపోతే సున్నా కూడా ఫాల్స్‌లో కలిసిపోతుంది. అందుచేత స్థితినీ విలువనూ వేర్వేరుగా తిరిగి ఇచ్చే చిన్న హెల్పర్‌ను మనమే రాసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎవరైనా ‘౧౨’ అని తెలుగు అంకెలు వేస్తే పైథాన్ భాషలోని ఇంట్ ఫంక్షన్ దాన్ని పన్నెండుగా తీసుకుంటుంది, పీహెచ్‌పీ ఫిల్టర్ తిప్పికొడుతుంది. ఏది కావాలో హెల్పర్ రాసేవారే ముందుగా తేల్చుకోవాలి.

ఫోటో గడిది మరింత చిక్కు. పీహెచ్‌పీలో మామూలుగా ఒక్కో ఫైలుకు 2 మెగాబైట్లు, మొత్తం పోస్ట్‌కు 8 మెగాబైట్లు పరిమితి ఉంటుంది. ఫైలు మొదటి పరిమితి మాత్రమే దాటితే ఆ ఫైలుకు ఒక ఎర్రర్ కోడ్ వస్తుంది, మిగిలిన గడులు క్షేమంగా అందుతాయి. రెండోది దాటితే గడుల విలువలు ఉండే పోస్ట్ అర్రే, ఫైళ్ల వివరాలు ఉండే ఫైల్స్ అర్రే రెండూ ఖాళీగా వస్తాయి. అన్నీ పూర్తిగా నింపి, ఫోనుతో తీసిన పెద్ద ఫోటో జతచేసిన రైతుకు మన స్క్రిప్టు ‘మీ పేరు రాయలేదు, గ్రామం రాయలేదు’ అని చెబుతుంది. హెల్పర్ చేయవలసిన పని ఇక్కడ రెండు మూడు వరుసలే: మెథడ్ పోస్ట్ అయి, కంటెంట్ టైప్ మల్టీపార్ట్ (ఫైళ్లతో కూడిన ఫారం రూపం) అయి, కంటెంట్ లెంగ్త్ పరిమితిని మించి ఉంటే ‘ఫోటో చాలా పెద్దది’ అని చెప్పాలి. కంటెంట్ టైప్ ఎందుకంటే, జేసన్ అనే మరో డేటా రూపంలో వచ్చిన రిక్వెస్ట్‌కు కూడా పోస్ట్ అర్రే ఖాళీగానే ఉంటుంది.

ఒకే పేరుతో రెండు విలువలు వస్తే, ఉదాహరణకు ఫారంలో సర్వే నంబరు గడి కూడా చేర్చి రెండు నంబర్లు వస్తే, పీహెచ్‌పీ చివరిదాన్ని ఉంచుతుంది, పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన ఫ్లాస్క్‌లోని గెట్ ఫంక్షన్ మొదటిదాన్ని ఇస్తుంది. జాబితా కావాలంటే జాబితాగానే అడగాలి.

గ్రామం గడిలో వచ్చేది తెలుగు. ‘శ్రీకాకుళం’ అన్న మాట మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌లో 10 సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో 30 బైట్లు. యూఆర్‌ఎల్‌లో 90 గుర్తులు. గడి పొడవును 20కి కుదించే హెల్పర్ బైట్లను లెక్కపెడితే ‘శ్రీకా’ మిగిలి, తర్వాతి ‘క’ మూడింట రెండు వంతుల దగ్గర తెగిపోతుంది. ఆ తెగిన ముక్కను జేసన్‌గా మార్చబోతే పీహెచ్‌పీలోని జేసన్ ఎన్‌కోడ్ ఫంక్షన్ మామూలుగా ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది, మనం ఎక్కడో డేటాబేస్‌లో తప్పు వెతుకుతూ ఉంటాం. కత్తిరించడం మానేసి, పొడవు మించిందని చెప్పి తిరిగి పంపడమే సరి.

వచ్చినదాన్ని గుమ్మం దగ్గరే ‘శుభ్రం’ చేసే హెల్పర్ల మీద కూడా నాకు నమ్మకం లేదు. తహసీల్దారు కార్యాలయంలో ఇన్‌వర్డ్ గుమాస్తా అర్జీ మీద ముద్ర వేసి నంబరు ఇస్తాడు గాని, అర్జీలోని వాక్యాలు దిద్దడు. పీహెచ్‌పీలో మ్యాజిక్ కోట్స్ ఆ దిద్దే పనే చేసింది: ప్రతి కొటేషన్ గుర్తు ముందూ ఒక బ్యాక్‌స్లాష్ చేర్చింది. డేటాబేస్‌కు వెళ్లని విలువలకు కూడా ఆ గీత అంటుకుంది. అదీ 5.4లోనే పోయింది. విలువను వచ్చింది వచ్చినట్టు పరీక్షించి ఉంచుకుని, డేటాబేస్‌కు వెళ్లేటప్పుడు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తోనూ (విలువను డేటాబేస్ ఆదేశంలో కలపకుండా వేరుగా పంపే పద్ధతి), పేజీలోకి వెళ్లేటప్పుడు హెచ్‌టీఎంఎల్ ఎస్కేపింగ్‌తోనూ (ప్రత్యేక గుర్తులను మామూలు అక్షరాలుగా చూపించడం), లింకులోకి వెళ్లేటప్పుడు యూఆర్‌ఎల్ ఎన్‌కోడింగ్‌తోనూ, దేనికి తగిన భద్రత దానికి ఇవ్వాలి.

ఇక మిగిలింది రెండుసార్లు నొక్కడం. సిగ్నల్ సరిగా అందని ఊళ్లో బటన్ నొక్కిన మనిషి జవాబు రాక మళ్లీ నొక్కుతాడు. ఒకే నష్టం రెండు అర్జీలవుతుంది. నమోదు కాగానే 303 అనే హెచ్‌టీటీపీ జవాబుతో మరో పేజీకి పంపితే రీఫ్రెష్ వల్ల వచ్చే నకలు ఆగుతుంది గాని, ఆ జవాబు అందకముందే నొక్కిన రెండోసారి ఆగదు. అందుకని ఫారం ఇచ్చేటప్పుడే ఒక టోకెన్‌ను (ఆ ఒక్క ఫారానికే చెందిన గుర్తును) దాచిన గడిలో పెట్టి, డేటాబేస్‌లో ఆ టోకెన్‌కు యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువను రెండోసారి చేరనివ్వని కట్టడి) వేసుకోవాలి. అదే టోకెన్‌తో రెండో రిక్వెస్ట్ వచ్చినప్పుడు హెల్పర్ ఎర్రర్ చూపకుండా, మొదటిసారి ఇచ్చిన రసీదు నంబరునే మళ్లీ ఇవ్వాలి.