కథ నచ్చింది, సినిమా తీసేయొచ్చా?

హోస్ట్: అక్కా, సూటిగా అడుగుతాను. ఎవరిదో కథతో షార్ట్‌ఫిల్మ్ తీసి, కింద “క్రెడిట్స్ రచయితకే” అని వేస్తే సరిపోతుందా?

లాయర్: సరిపోదు. పేరు వేయడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు. కథను అనువదించాలన్నా, నాటకంగా మార్చాలన్నా, సినిమా తీయాలన్నా ఆ హక్కు రచయితదీ లేదా ఆయన దగ్గర హక్కులు రాయించుకున్నవాళ్ళదీ అని 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 14లోనే ఉంది. తన కథ ఎక్కడో వీడియోగా తిరుగుతోందని రచయితకి ఇంకెవరో చెబితే తప్ప తెలియకపోవడం చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది.

హోస్ట్: రచయిత పోయి చాలా ఏళ్ళయితే?

లాయర్: దానికి లెక్కుంది. పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్ళు. చలం 1979లో పోయారు, ఆయన బతికుండగా అచ్చయిన పుస్తకాలకి 2039 చివరిదాకా హక్కులున్నట్టే. ‘దేవదాసు’ తీసుకో, ఆ నవల రాసిన శరత్ 1938లో పోయారు, అప్పటి గడువు 50 ఏళ్ళే, కాబట్టి నవల ఎప్పుడో అందరిదీ అయిపోయింది, నువ్వు రేపే వెబ్ సిరీస్ మొదలుపెట్టుకోవచ్చు. కానీ 1953 సినిమాకి పాటలు రాసిన సముద్రాల సీనియర్ పోయింది 1968లో, ఆ సాహిత్యం ముట్టుకోవాలంటే 2028 దాటాలి. నవలకి తెలుగు అనువాదం వాడుకుంటే ఆ అనువాదకుల హక్కు మళ్ళీ వేరే!

హోస్ట్: మరి కథలో పాయింట్, అంటే మూల ఆలోచన మాత్రమే తీసుకుంటే?

లాయర్: పాయింట్ ఎవడబ్బ సొత్తూ కాదు. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత, పంజాబీ, మద్రాసీ కుటుంబాల పిల్లలు ప్రేమించుకునే తన నాటకాన్ని ‘న్యూఢిల్లీ’ సినిమాగా తీసేశారని కోర్టుకెళ్ళారు. తీయకముందు నిర్మాతకి దాన్ని చదివి కూడా వినిపించారు పాపం. 1978లో సుప్రీంకోర్టు ఆయనకి వ్యతిరేకంగా చెప్పింది. ఆలోచనకి కాపీరైట్ లేదు, రెండూ చూసినవాడికి ఇది దాని కాపీయే అని గట్టిగా అనిపించాలి అంది. ఆయన బాధ నాకు అర్థమవుతుంది, అయినా ఆ తీర్పు సరైనదే అంటాను, లేకపోతే కులాంతర ప్రేమ మీద రెండో కథ ఎవరూ రాయలేరు.

హోస్ట్: అయితే అనుమతి ఎలా తీసుకోవాలి?

లాయర్: కాయితం మీద. ఏ మాధ్యమం, ఏ భాష, ఎన్నేళ్ళు, ఎంత డబ్బు, అన్నీ రాసి సంతకాలు పెట్టుకోండి. కాలం రాయకపోతే ఐదేళ్ళే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని సెక్షన్ 19 చెబుతుంది, అమెరికాలో ఉన్న మనవాళ్ళకి చూపించాలంటే ఆ మాట కూడా అందులో ఉండాలి.