పుత్రపౌత్ర పారంపర్యంగా... మరి పుత్రిక?

అందరికీ నమస్కారం. గ్రంథాలయం వాళ్లు వారసత్వం గురించి మాట్లాడమన్నారు. అమరావతికి కూతవేటు దూరంలో ఆ మాటంటే ఎవరికైనా స్తూపం గుర్తొస్తుంది. నాకు స్టాంపు కాగితం గుర్తొస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజులు రాసిన చెయ్యి, ఏం చేస్తాం!

ఆ రెంటికీ చుట్టరికం లేకపోలేదు. స్తూపం పలకల మీద చిన్న చిన్న దాన శాసనాలున్నాయి, ఫలానా వాళ్లు ఫలానాది ఇచ్చారని. గృహస్థులు, భిక్షుణులు, విధికుడనే చర్మకారుడు. ఆడవాళ్ల పేర్లూ బోలెడు. నాగార్జునకొండ మహాచైత్యం దగ్గరైతే ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి పేరు స్తంభాల మీదే ఉంది. ఇవ్వడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటేనే కదా, రాతి మీద పేరెక్కేది!

మరి నేను రాసిన కాగితాల్లో? ప్రతి క్రయపత్రంలోనూ ఒక వాక్యం ఉంటుంది: "మీరు మీ పుత్రపౌత్ర పారంపర్యముగా దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో సుఖాన అనుభవించగలరు." మంత్రంలా రాసుకుంటూ పోయాను. అందులో పుత్రిక లేదని ఎన్నేళ్లకు గానీ నా కంటికి ఆనలేదు.

నా చేత ఎక్కువగా రాయించింది అమ్మకాలు కాదు, హక్కు విడుదల పత్రాలు. తండ్రి పెద్దకర్మ అవుతుంది. వారం తిరక్కుండానే అన్నదమ్ములు అక్కచెల్లెళ్లను కారెక్కించి తీసుకొస్తారు. సరిహద్దులు చదువుతుంటే ఆవిడ వినదు, సంచీలో కొత్త చీర సర్దుకుంటూ ఉంటుంది. "ఎక్కడ సంతకం పెట్టాలన్నయ్యా?" అంతే. పుట్టింటి గడప కావాలంటే పొలం వదులుకోవాలని ఎవరూ పైకి అనరు. అనక్కర్లేదు కూడా. అది రిజిస్టరైతే వెనక్కి తీసుకోవడం మహా కష్టమని నేను చెప్పాల్సింది. ఫీజు ఇచ్చేది అన్నగారు కాబట్టి చాలాసార్లు చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను.

హిందూ వారసత్వ చట్టం ఎప్పుడో మారింది, అదీ మన దగ్గరే ముందు. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా. కాకపోతే ఆ తేదీకి ముందే పెళ్లైన వాళ్లకు వర్తించలేదు. ఒకే ఇంట్లో అక్కకు లేని హక్కు చెల్లెలికి! 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణతో ఆ పెళ్లి మెలిక పోయింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: అక్కర్లేదు. "ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం" అంటే కూడా అంత తేలిగ్గా ఒప్పుకోరు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకమో, కోర్టు డిక్రీయో ఉంటే మాత్రం దాన్ని కదపరు. తండ్రి స్వార్జితం సంగతి వేరు, ఆయన వీలునామా ఎవరికైనా రాయొచ్చు. రాయకుండా పోతే భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమానమే.

"కట్నం ఇచ్చాంగా" అంటారు. ఆ కట్నం ఎవరి పేరున ఉందో అడగండి. పూర్వం పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో ఇచ్చేవాళ్లు, అది నయం, పొలం ఎక్కడికీ పోదు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనంలో, ఆస్తి లేని భార్యల్లో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలు తిన్నవాళ్లే. భూమీ ఇల్లూ రెండూ తమ పేరున ఉన్నవాళ్లలో అది 7 శాతం. ఓర్చుకోవడం నేర్పాం మన పిల్లలకు. పోవడానికి ఒక గది ఉంటే అంత ఓర్పు అవసరం పడదేమో.

పోయినేడు నా ఇంట్లో సగం మా అమ్మాయికి దానపత్రం రాశాను. "పుత్ర పుత్రికా పౌత్ర దౌహిత్ర పారంపర్యముగా" అని పెట్టాను. టైపు చేసే కుర్రాడు ఆగి, "పాత మోడల్లో ఈ మాట లేదు మాస్టారూ" అన్నాడు. "చేర్చు" అన్నాను. రెండు తప్పులతో కొట్టాడు, దిద్దించాను.

కాగితాలు తెచ్చుకున్న వాళ్లు ఇటు రండమ్మా, ఒక్కొక్కటీ చూద్దాం. జెరాక్సులు చాలు, అసలువి సంచీలోనే ఉంచుకోండి.