ముందు ఆపండి, లాక్కోకండి

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని మరీ విడాకుల లెక్కలు వినడానికి ఇంతమంది వచ్చారంటే, మీలో చాలామంది "ఫ్రెండ్ కోసం" వచ్చినవాళ్లే అయ్యుంటారు. సరే, అలాగే అనుకుందాం.

నా సంగతే చెప్తాను. నేనూ మా ఆయనా వేరుగా ఉండటం మొదలై మూడో వారం, మారతహళ్లిలో కూరగాయలు కొంటుంటే ఫోన్ టింగుమంది. జాయింట్ అకౌంట్‌లోంచి లక్షా ఎనభై వేలు డెబిట్. పాప స్కూల్ ఫీజుకని దాచింది అది. చేతిలో బీరకాయలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మర్నాడు బ్యాంకుకి పరిగెత్తితే కౌంటర్‌లో అమ్మాయి తలెత్తకుండానే "ఐదర్ ఆర్ సర్వైవర్ మేడం, యారు బేకాద్రూ తెగీబహుదు" అంది. ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చట. పెళ్లయిన కొత్తలో ఆ ఫారం మీద సంతకం పెట్టింది నేనే, చదివితేగా!

అందుకే మొదటి పని గొడవ కాదు, బ్యాంకుకి ఉత్తరం. జాయింట్ హోల్డర్లలో ఒక్కరు రాసిచ్చినా మామూలుగా బ్యాంకు లావాదేవీలు ఆపేస్తుంది, మళ్లీ తెరవాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద సీలు, తేదీ వేయించుకోండి. అంతకంటే ముందు మీ జీతం వేరే అకౌంట్‌కి మార్చుకోండి, ఇద్దరి పేరునా ఉన్న హోమ్ లోన్ ఈఎంఐ జాయింట్ అకౌంట్‌లోంచే కట్ అవుతుంటే అదీ మార్చండి, లేదంటే బౌన్సయి ఇద్దరి సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది. విడాకుల డిక్రీలో ఏం రాసుకున్నా బ్యాంకుకి మీరిద్దరూ అప్పు తీసుకున్నవాళ్లే. మీ క్రెడిట్ కార్డు మీద అవతలివాళ్లకి యాడ్-ఆన్ కార్డు ఇచ్చి ఉంటే ఈ రాత్రే రద్దు చేయండి, దాని బిల్లు కట్టాల్సింది మీరే.

"తనకంటే ముందు నేనే మొత్తం లాగేస్తే పోలా?" మా అన్నయ్యా ఇదే అన్నాడు, నాకూ చెయ్యి దురద పెట్టింది. వద్దండీ. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు అఫిడవిట్ వేసి చూపించాలని 2020లో రజనేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పుడు ఖాతా ఊడ్చేసింది మీరేనని తేలితే, సిద్దయ్య రోడ్డు న్యాయదేగుల ఫ్యామిలీ కోర్టులో జడ్జిగారి ముందు మీ మాటకి విలువేం ఉంటుంది?

ఇంకోటి, అమెరికాలో ఉన్న పిన్ని కూతుళ్లు చెప్పే "సగం సగం" లెక్క ఇక్కడ నడవదు. హిందూ వివాహ చట్టంలో పెళ్లయ్యాక సంపాదించిందంతా చెరిసగం అనే నియమం లేదు. కాబట్టి ఫ్లాట్‌కి డౌన్ పేమెంట్ మీరు పంపుంటే ఆ స్టేట్‌మెంట్ ఇప్పుడే దాచుకోండి. ఫ్లాట్ అమ్మేస్తున్నారని అనుమానమా, కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖవాళ్ల కావేరి పోర్టల్‌లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే కాగితం, తీసి చూడండి, అమ్మకుండా స్టే కోసం లాయర్‌ని పట్టుకోండి, అది మగవాళ్లకీ వర్తిస్తుంది.

బంగారం మాట వేరు. పుట్టింటివాళ్లు పెట్టింది స్త్రీధనం, అది భార్యదే, జాయింట్ ఆస్తి కాదని 2024లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. డబ్బుతో వేధించడమూ 2005 గృహహింస చట్టం కిందికి వస్తుంది. సెక్షన్ 18 కింద మేజిస్ట్రేట్ లాకర్ తెరవకుండా, ఖాతా ముట్టుకోకుండా ఆర్డర్ ఇవ్వొచ్చు. లాయర్ ఫీజుకి భయపడకండి, ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి.

ఆ టర్మ్ ఫీజు అన్నయ్యే కట్టాడు. లక్షా ఎనభై వేలు తర్వాత సెటిల్మెంట్ కాగితంలో ఒక లైనుగా వచ్చింది, స్టేట్‌మెంట్ నా దగ్గరుంది కాబట్టి. ఇక అడగండి, ఆ మైక్ కాస్త వెనక్కి పంపండి.